బోధన్ ఫ్యాక్టరీని షరతులతో తెరవండి

బోధన్‌లో మూతపడ్డ నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ ముచ్చట ఎత్తితే చాలు, సర్కారే నడపాలని ఒకరంటారు, ప్రైవేటుకిస్తేనే నడుస్తదని ఇంకొకరంటారు. చెరకు పండించిన ఇంట్లో పుట్టి, నిజామాబాద్‌లో ఎకనామిక్స్ పాఠాలు చెప్పిన నాకు ఇవి రెండూ సగం మాటలే. క్లాసులో కొరియా పాఠం వచ్చినప్పుడల్లా నా మనసు ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌కే పోయేది.

రెండుగా చీలిన ఆ దేశంలో జాతీయాభిమానం రెండువైపులా ఉంది. భారీ పరిశ్రమలు, కరెంటు ఎక్కువగా ఉత్తరానికే దక్కాయి. మన కాళ్ల మీద మనమే నిలబడాలంటూ 1955లో ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్ సుంగ్ 'జూచే' మాట ఎత్తాడు. ఆ సోషలిజం తొలి రోజుల్లో ఫ్యాక్టరీలు లేపింది, కాదనలేం. కానీ దాని వెనుక సోవియట్ సాయం ఉంది. 1991లో సోవియట్ యూనియన్ కూలాక కొన్నేళ్లకే కరువు వచ్చి లక్షల ప్రాణాలు పోయాయి. తప్పుడు లెక్కలు చెప్పిన పెద్దలను నిలదీసే దారే అక్కడ జనానికి లేదు.

దక్షిణాన శాంసంగ్ వాళ్లు 1953లో బూసాన్‌లో పెట్టింది చక్కెర మిల్లే. 1961లో గద్దెనెక్కిన పార్క్ చుంగ్ హీ అక్రమార్జన పేరుతో పెద్ద వ్యాపారులను పట్టుకుని, పరిశ్రమలు పెడతామన్నాక వదిలాడు. బ్యాంకులను గుప్పిట్లో పెట్టుకుని, ఎగుమతులు చేసి చూపినవాళ్లకు చౌకగా అప్పులిచ్చాడు. ఆయన నియంత, కార్మికుల నోరు నొక్కినవాడు. అది మనకొద్దు. కానీ సాయానికి షరతు ఉండాలన్న పట్టుదల మనకు కావాలి.

ఇక మన బోధన్‌ది 1937లో నిజాం పాలనలో పుట్టి, నిజాంసాగర్ నీళ్ల చెరకుతో పెరిగిన ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్దదన్న పేరుండేది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు మూడూ మూతపడ్డాయి. అప్పటికి తెలంగాణ వచ్చి ఏడాదిన్నర. ఫ్యాక్టరీని సర్కారు వెనక్కి తీసుకోవాలన్నది తెలంగాణ ఉద్యమంలో ఎంత బలంగా వినిపించిన మాటో ఇక్కడి కార్మికులను అడగండి. ఆత్మగౌరవం రాష్ట్రాన్ని తెచ్చింది, గానుగను మాత్రం ఆడించలేకపోయింది.

మళ్లీ తెరిచేటప్పుడు, యజమాని ఎవరైనా, సీజన్‌కు ఇన్ని టన్నులు ఆడాలని ఒప్పందంలో రాయాలి, తప్పితే వాటా వెనక్కి తీసుకోవాలి. చెరకు తోలిన 14 రోజుల్లో పైసలియ్యాలని 1966 నాటి కేంద్ర ఉత్తర్వులోనే ఉంది, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ. అది అమలవుతుందన్న నమ్మకం ముందు కుదరాలి. వరికి మళ్లిన రైతు మళ్లీ చెరకు నాటితే కోతకు ఏడాది పడుతుంది. కాబట్టి ఆ ఒప్పందం బాయిలర్ రిపేర్ల కంటే ముందే ఊళ్లలో అందరి ముందు చదివి వినిపించాలి.