బాటపై భయమును లెక్కింపవలదా?

బాటలపై మరణించినవారిని ప్రభుత్వము లెక్కించుచున్నది. 2022వ సంవత్సరమున భారతదేశమునందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మృతినొందగా, వారిలో 32,825 మంది పాదచారులు, 4,836 మంది సైకిలు త్రొక్కువారు. కాని భయపడి కుమార్తెకు సైకిలు మాన్పించిన తండ్రిని ఏ పట్టికలో వ్రాసిరి? ఏలూరునుండి కైకలూరు పోవు బాటపై ఒక ప్రక్క చేపల లారీలు, వేరొక ప్రక్క నీరు. కొల్లేటి గ్రామముల బాలికకు ఆ భయమువలననే చదువు నిలిచిపోవచ్చును. ఆమె ప్రమాదమునకు గురికాలేదు గనుక లెక్కకు రాదు.

భయమును పరీక్షించుటకిప్పుడొక సాధనము కలదు. దానిని వర్చువల్ రియాలిటీ యందురు. కన్నులను పూర్తిగా కప్పు పరికరమును ధరించినవానికి తాను నడిబాటలో నున్నట్లే తోచును. తల త్రిప్పినచో దృశ్యమును తిరుగును. కదలక నిలిపిన సైకిలును త్రొక్కినచో ఎదుటి బాట సాగును. లారీ మీదికి వచ్చును గాని దెబ్బ తగులదు. బాటను త్రవ్వకయే దానిని వెడల్పు చేసి, కాలిబాట వేసి, దీపములు పెట్టి, “ఇప్పుడు నీకెట్లున్నది?” అని అడుగవచ్చును.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు సైకిలు చుట్టును తెరలమర్చి, పది, పండ్రెండేండ్ల పిల్లలను, పెద్దలను పరీక్షించి, 2004లో ఫలితములను ప్రకటించిరి. వాహనముల నడుమ అందరును ఇంచుమించుగా ఒకే యెడమును ఎన్నుకొనిరి. అయితే దాటునప్పటికి పిల్లలకు మిగిలిన వ్యవధి పెద్దలకంటె తక్కువ. “జాగ్రత్తగా పొమ్ము” అని గద్దించినంతమాత్రమున చాలదనియు, బడి యెదుట బండ్ల వేగమునే తగ్గింపవలెననియు దీనివలన మాకు తోచుచున్నది. యెరికో త్రోవలో గాయపడినవాని కథను మనము ఏటేట చెప్పుచున్నాము. గాయము కాకముందే త్రోవను చూచువారును కావలెను గదా!

అన్యదేశముల చక్కని వీథులను చూపిన మన భయము తెలియదు. బాటపై ఆరబోసిన వడ్లు, అడ్డువచ్చు గేదెలు, మార్గశిరపు పొగమంచు, చేపల లారీనుండి కారు నీరు అన్నియు ఆ దృశ్యములో నుండవలెను. ధరించినవానికి ఇది మిథ్య యని తెలిసియుండును, కొందరికి తల తిరుగును. కావున వీథిలో నిలిచి జనులనడుగుటయు మానరాదు. తాడేపల్లిగూడెమున 2015లో స్థాపింపబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ మనకు దాపుననే యున్నది. ఆ విద్యార్థులు కొల్లేటి బాటను మొదటి దృశ్యముగా తీసికొందురుగాక. దానిని మొట్టమొదట బాట వేయు ఇంజనీర్లకు, పండ్రెండేండ్ల బాలిక కన్నుల ఎత్తునుండి, సైకిలుపై కూర్చుండబెట్టి చూపవలెనని మా కోరిక.