రోడ్డు మీద గరిటె తిప్పినోళ్లం, ఇంట్ల తిప్పలేమా?

2011 జూన్ 19. హైదరాబాద్ రోడ్ల మీద వంటా వార్పు. మూడు రాళ్లు పెట్టి పొయ్యి అంటించినం. ఒక లెక్చరర్ సారు ఉల్లిగడ్డలు కోస్తుంటే, సెక్షనాఫీసరు ఒకాయన బియ్యం కడిగిండు. నల్లకోటు వకీలు సాబ్ వంగి గంజు కింద కట్టెలు ఎగదోసిండు. గరిటె దొరికినోడు కెమెరా వచ్చేదాకా దాన్ని ఇంకొకరికి ఇయ్యలే. మేం అప్పుడు యూనివర్సిటీ పిల్లలం. పప్పుల ఉప్పెక్కువైందని ఒకరినొకరం ఎక్కిరించుకున్నం. కానీ ఇది మగోళ్లు చేసే పనేనా అని ఒక్కరు కూడా అడగలేదు. వండినం, వడ్డించినం, రోడ్డు మీదనే బంతి కూసోని తిన్నం.

పొద్దుగూకినంక ఎవరిండ్లకు వాళ్లం పోయినం. ఆ సారు, ఆ వకీలు సాబ్ ఇంటికి పోయి ఏమన్నరో మేం చూడలేదు. మేమైతే ఏమన్నమో మాకు గుర్తుంది. “చాయ్ పెట్టు, మస్తు అలిసిపోయినం.”

పదేండ్లు దాటినంక ఈ ముచ్చట ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఒక ఆదివారం మా వాకిట్ల పిల్లలు ఇల్లు ఇల్లు ఆట ఆడుకుంటున్నరు. పక్కింటి ఆరేండ్ల పిల్ల పెద్దరికం తీసుకొని పనులు పంచుతున్నది. నేను అమ్మను, అన్నం వండుత. ఇది అక్క, బోళ్లు తోముతది. మా పోరడు అడిగిండు, “మరి నేను నాయినను గదా, నేనేం చెయ్యాలె?” ఆ పిల్ల రవ్వంత కూడా ఆలోచించలే. “నువ్వు ఫోన్ మాట్లాడుకుంట మీటింగుకు పో. అన్నం అయినంక పిలుస్తం.”

అక్కడున్న పెద్దలందరం నవ్వినం. మా ఇంటామె నవ్వలేదు.

ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. చూసింది, చెప్పింది. రెండు మూడేండ్లు వచ్చేసరికే తాము ఆడపిల్లలమో మగపిల్లలమో పిల్లలు చెప్పగలుగుతరు. ఆ ఎంబడే ఏ పని ఎవరిదో కూడా పట్టేస్తరు. పిల్లలు పట్టేదాకా పెద్దలు ఆగుతరా అంటే అదీ లేదు. 1978లో ఇంగ్లండ్‌ల ఒక పరిశోధన జరిగింది. ఆరు నెలల పసిపిల్లలకు ఒకసారి ఆడపిల్ల బట్టలు, ఒకసారి మగపిల్లాని బట్టలు వేసి, ఆ పిల్ల ఎవరో ఎరుగని తల్లుల చేతికిచ్చిండ్రు. ఆడపిల్ల అనుకున్నప్పుడు బొమ్మను అందించిండ్రు. మగపిల్లాడు అనుకున్నప్పుడు సుత్తె లెక్కుండే గిలక్కాయ ఇచ్చిండ్రు. మారింది బట్టలే, బిడ్డ కాదు. ఇంగ్లండ్ తల్లుల ముచ్చట మనకెందుకు అనేటోళ్లు ఏ జాతరలనైనా బొమ్మల దుకాణం ముందర ఒక గంట నిలబడి చూడండ్రి.

మగోళ్లకు వంట రాదనేది పచ్చి అబద్ధం. అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీలల్ల గ్రూప్స్‌కు చదివే పిల్లలను అడగండ్రి. నలుగురు కలిసి ఒక రూం. ఒకనాడు ఒకడు అన్నం పెడితే ఇంకొకడు కూర, మూడోవాడు బోళ్లు. వంతులు తప్పితే పంచాయితీలు. మేం ఆ రూముల్లనే బతికినం, పచ్చిపులుసు మీద పోటీ పరీక్షలు రాసినం. ఇంక కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి దుబాయి, మస్కట్ పోయిన అన్నలైతే ఏండ్లకేండ్లు క్యాంపు రూముల్ల వండుకొని తిన్నోళ్లు. పన్నెండు గంటల డ్యూటీ దిగి చపాతీలు చేసుకున్నోళ్లు. బట్టలు పిండుకున్నోళ్లు, తోటోనికి జరమొస్తే గంజి కాసిపోసినోళ్లు. అసొంటాయన రెండేండ్లకోసారి సెలవు మీద ఊరికి వచ్చి, చెయ్యి చాపితే అందే చెంబు కోసం పెండ్లాన్ని పిలుస్తడు! మరి వచ్చిన విద్య ఎటుపోయింది?

యాడికీ పోలేదు. కష్టం ఒక్కటే, తావు మారితే పేరు మారుతది. రోడ్డు మీద వండితే ఉద్యమం, రూంల వండితే అవసరం, పెండ్లిల వండితే కూలి, వంట మాస్టరు పని. ఇంట్ల వండితే మాత్రం అది ఆడోళ్ల పని.

లెక్కలు కావాలనేటోళ్లకు లెక్కలున్నయి. కేంద్ర గణాంక శాఖ 2019ల టైమ్ యూజ్ సర్వే చేసింది. ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్లు 97 నిమిషాలు చేసిండ్రు. ఆ 97 కూడా ఎంతో కొంత పని ముట్టుకున్న మగవాళ్ల లెక్కే. ముట్టుకున్నోళ్లు నూటికి 26 మంది. ఆడవాళ్లేమో నూటికి 81 మంది. మళ్లీ 2024ల అదే సర్వే చేస్తే ఆడవాళ్లకు 289, మగవాళ్లకు 88 అని తేలింది. అయిదేండ్లల్ల ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే, మనం మాత్రం ఎనుకవడుతమా, తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నం.

ఆమె ఇంట్లనే ఉంటది, ఈయన సంపాదిస్తడు, అందుకే ఇట్ల పంచుకున్నరు అని చెప్పేటోళ్లుంటరు. వాళ్లను ఒకసారి కామారెడ్డి, సిరిసిల్ల, జగిత్యాల ఊర్లకు తోల్కపోవాలె. అక్కడ చాట ముందర వేసుకొని కూసున్న అవ్వలున్నరు, అక్కలున్నరు. తునికాకు నానబెట్టుడు, కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఎన్నో ఇండ్లల్ల కిరాణం ఉద్దెర తీరేది, పిల్లల ఫీజు కట్టేది ఆ పైసలతోనే. అయినా దానికి ఏమని పేరు? “ఇంట్ల కూసోని చేసుకునుడే గదా!” వెన్నుపూస వంగిపోయే పనికి కూసునుడు అని పేరు. మధ్యల లేచి అన్నం వండాల్సింది ఆమెనే. బడి నుంచి వచ్చిన బిడ్డ అవ్వ పక్కకు చేరి ఆకు కత్తిరిస్తది. కొడుకు బ్యాటు పట్టుకొని బయటికి ఉరుకుతడు. ఇద్దరికీ తెల్లారి పరీక్షే ఉంటది. పిల్ల రోజుకు ఎన్ని బీడీలు చేస్తదని పెండ్లి చూపుల్ల అడిగిన ముచ్చట్లు ఆ ఊర్లల్ల అందరికీ ఎరుకే. సంపాదన ఉంటే ఇంటి పని తగ్గుతదనే మాట ఆ చాటల ముందర నిలువదు.

తప్పంతా మగోళ్లదేనా అంటే మా అవ్వ సంగతి కూడా చెప్పాలె. మేం ఒకనాడు సింకు దగ్గర బోళ్లు తోముతుంటే ఊరి నుంచి వచ్చిన మా అవ్వ గుమ్మంల నిలబడ్డది. “నేను బతికే ఉన్న గదా బిడ్డా, నీకేం కర్మ?” అన్నది. తరువాత మూడు రోజులు కోడలితోని మాట్లాడలే. కొడుకుతోని మంచిగనే మాట్లాడింది! ఆమెను నిందించలేం. నలభై ఏండ్లు ఆ పొయ్యి కాడ ఆమెకున్న ఒకే ఒక్క అధికారం అది. ఇప్పుడు దాన్ని మేం గుంజుకున్నట్టు అనిపించింది. మరి ఆమె అలిగిందని బోళ్లు వదిలేస్తమా?

ఇంకొక దిక్కు చూద్దాం. ఇది మగపిల్లలకు జరిగే నష్టం. దీని మీద మనోళ్లు చాలా తక్కువ మాట్లాడుతరు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాడిని నమ్మొద్దని సామెత. కిందపడ్డ నాలుగేండ్ల పోరనికి మోకాలి రక్తం తుడువకముందే, “ఏందిరా ఆడపిల్ల లెక్క ఏడుస్తున్నవ్” అంటం. ఆ ఒక్క మాటల ఇద్దరికీ పాఠమైతది. వానికి నొప్పి దాచుకోవాలె అని, పక్కనున్న చెల్లెకు తన ఏడుపు తక్కువది అని. ఆ పోరడే పెరిగి పెద్దగై రైతు అయితడు. బోరు మీద బోరు వేసి, పత్తి మందుల షావుకారి దగ్గర, బయట మిత్తికి అప్పు తెస్తడు. ఎంత తెచ్చిండో పెండ్లానికి చెప్పడు. చెప్తే తక్కువైపోతడు. విలేకరులుగా మేం పోయిన ఎన్నో ఇండ్లల్ల, ఆయన పోయినంక అప్పులోళ్లు వాకిట్లకు వస్తేనే ఆ తల్లికి లెక్క తెలిసింది. 2022ల దేశంల ప్రాణాలు తీసుకున్నోళ్లు 1,70,924 మంది అని ప్రభుత్వ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందుల 1,22,724 మంది మగోళ్లే. కారణాలు అనేకం. అప్పు, పంట, మార్కెట్, సర్కారు, అన్నీ ఉన్నయి. నోరు తెరిచి “నాతోని అయితలేదు” అని ఇంట్ల చెప్పుకోలేని పెంపకం కూడా అందుల ఉన్నదని మేమంటం.

ఇంక రాజ్యం దగ్గరికి వద్దాం. 42 రోజుల సకల జనుల సమ్మెల జీతం రాని ఇండ్లను నడిపింది ఎవరు? పుస్తెలతాడు కుదువపెట్టి, కిరాణపు సేటును బతిమిలాడి బియ్యం తెచ్చిన ఆడబిడ్డలు. 2014ల రాష్ట్రం వచ్చింది. మంత్రివర్గంల ఆడమనిషికి కుర్చీ దొరికింది 2019 సెప్టెంబరుల! రూల్సు చూసినా ఇదే తీరు. 2008 నుంచి కేంద్రం తన మహిళా ఉద్యోగులకు పిల్లల పెంపకం కోసం 730 రోజుల సెలవు ఇస్తున్నది. మంచిదే. తండ్రికి 2018ల ఇచ్చిండ్రు, అదీ ఆయన ఒంటరి తండ్రి అయితేనే. అంటే తల్లి లేకపోతే తప్ప తండ్రికి పిల్లలతో పని లేదని సర్కారే రాసిపెట్టింది. 2017ల ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచిన చట్టంల తండ్రి ఊసే లేదు. ఇసొంటి రూలు ఉన్నంత కాలం, కొత్తగా ఉద్యోగం ఇచ్చే సేటు ఆడపిల్ల దరఖాస్తు చూసి ఎనుకకు జరగడా?

కేరళోళ్లు 2024ల మూడో తరగతి పుస్తకంల ఒక బొమ్మ వేసిండ్రు. వంటింట్ల తండ్రి కింద కూసోని కొబ్బరి తురుముతున్నడు. చిన్న బొమ్మనే. మన పుస్తకాల కమిటీలల్ల ఉన్న సార్లు, మేడాలు ఆ బొమ్మ ఒకసారి తెప్పించుకొని చూడాలె.

ఉద్యోగ సంఘాల అన్నలకు ఒక మాట. పీఆర్సీ కమిషన్లకు ఇచ్చే మెమొరాండాలల్ల ఫిట్‌మెంట్ ఉంటది, హెచ్చార్యే ఉంటది, హెల్త్ కార్డులుంటయి. తండ్రులకు పిల్లల సెలవు అని ఒక్క లైను రాయండ్రి. రాసేటప్పుడు నవ్వకుండ్రి. విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు, రూంల వంతులేసుకొని వండిన నోటుబుక్కును పెండ్లైనంక కూడా పారెయ్యకుండ్రి.

ఇంకొకటి. వచ్చే ఆదివారం మీటింగు తొమ్మిదింటికి అన్నరు. పదకొండుకు మార్చుండ్రి. పొద్దున మాకు ఇంట్ల పనున్నది.