అడిగితే ఇచ్చే వస్తువు కాదు తుపాకీ

నవంబరు వచ్చిందంటే అమెరికా పల్లెల్లో జింకల వేట జోరందుకుంటుంది. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో తండ్రి రైఫిల్ కొడుకు భుజానికెక్కుతుంది. బావ షాట్‌గన్ పట్టుకుని బావమరిది అడవి బాట పడతాడు. అక్కడెవరికీ అది వింత కాదు. చట్టబద్ధమైన వేటకో, గురి సాధనకో తుపాకీని తాత్కాలికంగా మరొకరికి ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం కూడా ఒప్పుకుంటుంది. ఒకే రాష్ట్రంలో ఉంటున్న ఇద్దరు మామూలు మనుషుల మధ్య తుపాకీ చేతులు మారితే, తీసుకునేవాడి నేరచరిత్ర తనిఖీ చేయించాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు. షాపువాడికి తప్పని తనిఖీ స్నేహితుడికి అక్కర్లేదు.

అంటే, ఇవ్వాలా వద్దా అన్న తీర్పు చాలాచోట్ల తుపాకీ యజమాని ఒక్కడి మీదే పడుతోంది. ఆ తీర్పు ఫోన్లో, మొహమాటం మధ్య, రెండు నిమిషాల్లో అయిపోతోంది. ‘రెండ్రోజులు ఇవ్వరా, ఆదివారం తెచ్చిచ్చేస్తా’ అని అడిగేది తోడబుట్టినవాడో, చిన్ననాటి నేస్తమో అయితే కాదనడం కష్టమే. అయినా కాదనాల్సిందే. యజమాని పక్కనే నిలబడి చూసుకోగలిగే వేటలో, షూటింగ్ రేంజ్‌లో తప్ప తుపాకీని ఎవరికీ అరువివ్వకూడదు. అడిగినవాడు మంచివాడే కావచ్చు. వచ్చే వారం అతని మనసు ఎలా ఉంటుందో, అతని ఇంట్లో ఆ తుపాకీ ఇంకెవరి చేతిలో పడుతుందో ఇచ్చినవాడికి తెలిసే దారి లేదు.

విస్కాన్సిన్‌లోని కెనోషా సంగతే చూడండి. 2020లో కైల్ రిటెన్‌హౌస్‌కు 17 ఏళ్లు. రైఫిల్ కొనే వయసు రాలేదు. 18 ఏళ్ల స్నేహితుడు డొమినిక్ బ్లాక్ అతని డబ్బుతోనే ఏఆర్-15 తరహా రైఫిల్ కొన్నాడు. దాన్ని తన సవతి తండ్రి ఇంట్లో ఉంచాడు. ఆగస్టు 25 రాత్రి, నిరసనలతో ఊరు అట్టుడుకుతున్న వేళ, రిటెన్‌హౌస్ ఆ రైఫిల్‌తో ఇద్దరిని కాల్చి చంపాడు, మూడో మనిషిని గాయపరిచాడు. ఆత్మరక్షణ కోసమే కాల్చానన్న వాదన నెగ్గింది. 2021 నవంబరులో జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది. కొనిచ్చిన స్నేహితుడి మీద మాత్రం, మైనర్‌కు ఆయుధం అందించాడంటూ అప్పటికే రెండు తీవ్రమైన అభియోగాలు నడుస్తున్నాయి. 2022 జనవరిలో 2,000 డాలర్ల జరిమానాతో అతను బయటపడ్డాడు. ట్రిగ్గర్ ముట్టనివాడికి కూడా ఏడాదికి పైగా జైలు భయం తప్పలేదు.

బ్లాక్‌కు జరిమానాతో సరిపోయింది. కాలిఫోర్నియాలో ఎన్రికె మార్కెజ్‌కు 20 ఏళ్ల జైలు పడింది. అతను 2011, 2012 సంవత్సరాల్లో పొరుగింటి స్నేహితుడు సయ్యద్ రిజ్వాన్ ఫరూక్ కోసం తన పేరు మీద రెండు రైఫిళ్లు కొన్నాడు. మూడేళ్లు గడిచాయి. 2015 డిసెంబరు 2న ఫరూక్, అతని భార్య శాన్ బెర్నార్డినోలో ఆ రైఫిళ్లతోనే 14 మందిని చంపారు. ఆ తర్వాత 2016లో కాలిఫోర్నియా తన చట్టాన్ని బిగించింది. అంతకుముందు తెలిసినవాళ్లెవరికైనా 30 రోజుల దాకా తుపాకీ అరువివ్వగలిగేవాళ్లు. ఇప్పుడు ఆ వెసులుబాటు దగ్గరి కుటుంబ సభ్యులకే మిగిలింది.

కొలరాడోలోని కొలంబైన్ స్కూల్లో 1999 ఏప్రిల్ 20న 13 మందిని పొట్టనపెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లకు మూడు తుపాకులు కొనిచ్చింది కూడా 18 ఏళ్ల స్నేహితురాలే. గన్ షోలో కొంది. కాగితాలూ తనిఖీలూ ఉండి ఉంటే తాను కొనేదాన్నే కాదని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది. ఈ విషయంలో ఇంతకంటే విలువైన సాక్ష్యం దొరకదు. ఒక చిన్న అడ్డంకి, ఒక సంతకం, ఒక్క ప్రశ్న ఆ అమ్మాయిని ఆపేసేవి. 2000 సంవత్సరంలో కొలరాడో ఓటర్లు గన్ షోలలో తనిఖీని తప్పనిసరి చేశారు. 2013లో ఆ రాష్ట్రం మామూలు మనుషుల మధ్య బదిలీలకూ తనిఖీ పెట్టి, 72 గంటల లోపు అరువుకు మినహాయింపునిచ్చింది. దానికో షరతు కలిపింది: అలా తీసుకున్నవాడు తుపాకీతో చట్టవిరుద్ధంగా ఎవరికైనా హాని చేస్తే, ఆ నష్టానికి ఇచ్చినవాడు కూడా బాధ్యుడు కావచ్చు. అరువు గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన చట్టాలు తక్కువ.

కుటుంబం దగ్గరకు వస్తే జాగ్రత్త మరింత సడలుతుంది. అమెరికా సీక్రెట్ సర్వీస్ స్కూళ్లపై జరిగిన దాడులను పరిశీలించి 2019లో ఒక నివేదిక ఇచ్చింది. తుపాకీతో దాడి చేసిన పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఆ తుపాకీ తల్లిదండ్రుల ఇంట్లోనో, దగ్గరి బంధువుల ఇంట్లోనో దొరికింది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ క్రంబ్లీ 15 ఏళ్ల కొడుకు కోసం పిస్టల్ కొన్నాడు. నాలుగు రోజులు తిరక్కుండానే, 2021 నవంబరు 30న, ఆ పిల్లవాడు స్కూల్లో నలుగురు తోటి విద్యార్థులను చంపాడు. 2024లో తల్లికీ తండ్రికీ విడివిడిగా విచారణ జరిగింది, ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల శిక్ష పడింది.

మంచివాళ్ల మధ్య, మంచి ఉద్దేశంతో జరిగినా చిక్కు తప్పకపోవచ్చు. వర్జీనియాకు చెందిన మాజీ పోలీసు బ్రూస్ అబ్రామ్‌స్కీ 2009లో పెన్సిల్వేనియాలో ఉన్న బాబాయి కోసం గ్లాక్ పిస్టల్ కొన్నాడు. పోలీసులకిచ్చే తగ్గింపు ధర తనకు దొరుకుతుంది కదా అనుకున్నాడు. బాబాయి 400 డాలర్ల చెక్కు పంపాడు. ఆయనకు తుపాకీ ఉంచుకునే అర్హత ఉంది. తనిఖీలో నెగ్గాకే పిస్టల్ చేతికందుకున్నాడు. కానీ షాపులో నింపాల్సిన 4473 నంబరు ఫారంలో ‘అసలు కొనుగోలుదారు మీరేనా’ అన్న ప్రశ్న ఉంటుంది. అబ్రామ్‌స్కీ అవునని రాశాడు. ఆ ఒక్క జవాబుకు కేసు నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014లో 5-4 మెజారిటీతో కోర్టు శిక్షను ఖాయం చేసింది.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఈ వ్యవహారంలో ఇంకో మెలిక ఉంది, అది ఏ తెలుగు సంఘం సమావేశంలోనైనా గట్టిగా చెప్పాల్సిన సంగతి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ తమ అధీనంలో ఉంచుకోవడం ఫెడరల్ నేరం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. ఎదుటివాడి పరిస్థితి తెలిసి, లేదా తెలుసుకోదగిన కారణం ఉండి తుపాకీ ఇచ్చినవాడికీ 2022 నాటి చట్టం ప్రకారం 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. గ్రీన్ కార్డు వచ్చిన అన్న సరదాగా కొనుక్కున్న పిస్టల్‌ను ఎఫ్1 మీద చదువుకుంటున్న తమ్ముడి గదిలో వారం రోజులు పెట్టి ఊరెళితే ఇద్దరూ ఇరుక్కుంటారు. పైగా తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయవచ్చు.

యూఏఈ నుంచి ఫ్లోరిడాకు చదువుకోవడానికి వెళ్లిన హమీద్ రెహాఫ్ అనుభవం దీనికి ఉదాహరణ. చదువు సాగక విశ్వవిద్యాలయం అతన్ని తీసేసింది, దాంతో వీసా హోదా పోయింది. ఆ తర్వాత షూటింగ్ రేంజ్‌కు వెళ్లి తుపాకీ కాల్చాడు. అంతే, కేసు పెట్టారు, 18 నెలల శిక్ష పడింది. తన హోదా పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలంటూ 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. అయితే అది జైలు శిక్ష పడ్డాక దొరికిన ఊరట. తుపాకీ ప్రమాదవశాత్తూ పేలి ప్రాణాలు పోగొట్టుకున్న తెలుగు విద్యార్థుల వార్తలు ఈ కొన్నేళ్లలో మన ఊళ్లకూ వచ్చాయి. పిల్లల్ని విమానం ఎక్కించే తల్లిదండ్రులు చలికోట్ల గురించి, పచ్చళ్ల గురించి చెప్పినట్టే ఇది కూడా చెప్పి పంపాలి.

కాదనడం నిజంగా బాధపెట్టే సందర్భం ఒకటుంది. మాజీ భర్తో, వెంటపడుతున్న మగవాడో చంపుతానని బెదిరిస్తుంటే, ఒంటరిగా ఉన్న చెల్లెలో స్నేహితురాలో ‘కొన్నాళ్లు నీ పిస్టల్ నా దగ్గర ఉండనీ’ అని అడుగుతుంది. ఆ భయం అబద్ధం కాదు. హింసించే భర్తకో, ప్రియుడికో తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరుగుతుందని 2003లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఆమె అడిగింది సాయం కాబట్టి సాయం చేయాలి. కానీ ఎన్నడూ కాల్చి ఎరగని చేతికి, నిద్రలేని రాత్రుల మధ్య, పిల్లలున్న ఇంట్లో పిస్టల్ పెట్టి రావడం సాయం అనిపించుకోదు. ఆమెను తన ఇంటికి తీసుకెళ్లి ఉంచుకోవడం సాయం. కోర్టుకు వెంట వెళ్లి రక్షణ ఉత్తర్వు తెప్పించడం సాయం. అలాంటి ఉత్తర్వు పడినవాడు తుపాకీ ఉంచుకోకూడదని 1994 నుంచీ చట్టం ఉంది. 2024 జూన్‌లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో దాన్ని నిలబెట్టింది. ఆమె చేతికి తుపాకీ ఇవ్వడం కంటే అతని చేతిలోంచి తుపాకీ తీయించడం మేలు.

మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు సూటిగా ఉంటుంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఆ మనిషికే. రిపేరుకో, లైసెన్సు రెన్యువల్‌కో, ఆయన వాడకానికో ఇంకొకరు తుపాకీని పట్టుకెళ్లాలన్నా లైసెన్సుదారు పక్కన ఉండాలి, లేదా ఆయన రాతపూర్వక అనుమతి ఉండాలి. తండ్రి తుపాకీ కొడుక్కి రావాలన్నా 2016 నిబంధనల కింద దరఖాస్తు పెట్టి, అతని పేరున లైసెన్సు తెచ్చుకోవాల్సిందే. పెళ్లిళ్లలో గాల్లోకి కాల్పులు జరిపి మనుషుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణ చెబుతోంది.

మనకు ఇంకో మంచి అలవాటు కూడా ఉంది. ఎన్నికలు వచ్చాయంటే చాలాచోట్ల లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయిస్తారు. ఊరు వేడిగా ఉన్నప్పుడు తుపాకీ దూరంగా ఉండాలన్నదే లెక్క. ఇదే లెక్క ఇంటికీ వర్తించాలి. విడాకులు, అప్పులు, ఉద్యోగం పోవడం, వీసా సమస్య, ఆప్తుల మరణం లాంటివి మీద పడ్డప్పుడు ఆ ఇంట్లోంచి తుపాకీ కొన్నాళ్లు బయటికి వెళ్లాలి. స్నేహితులూ బంధువులూ తుపాకీ పుచ్చుకోవాల్సిన సమయం అదొక్కటే.

అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2022లో తుపాకులకు బలైన 48 వేల మందిలో 27 వేల మంది తమను తామే కాల్చుకున్నారు. తుపాకీతో చేసిన ప్రయత్నాల్లో నూటికి 85కు పైగా ప్రాణం తీస్తాయి. మిగతా మార్గాల్లో బతికి బయటపడేవాళ్లే ఎక్కువ, అలా బతికినవాళ్లలో పదింట తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. అందుకే ఆ గడ్డు రోజులు దాటించడమే ముఖ్యం. న్యూహాంప్‌షైర్‌లో రాల్ఫ్ డెమికో అనే తుపాకుల వ్యాపారికి ఈ సంగతి అనుభవంతో తెలిసింది. 2009లో వారం లోపే, ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు ఆయన షాపులో తుపాకులు కొని, కొన్ని గంటల్లోనే ప్రాణాలు తీసుకున్నారు. ఆయన కళ్లు మూసుకుని ఊరుకోలేదు. ప్రజారోగ్య నిపుణులతో కలిసి, కష్టంలో ఉన్న కొనుగోలుదారుడిని ఎలా గుర్తించాలో షాపులవాళ్లకు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టారు. అది చాలా రాష్ట్రాలకు పాకింది. తుపాకీని తాత్కాలికంగా దాచిపెట్టే షాపులు, పోలీస్ స్టేషన్లు ఎక్కడున్నాయో చూపే పటాన్ని కొలరాడో 2019లో తెచ్చింది. ఆత్మహత్యను ఆపడానికి చేసే తాత్కాలిక బదిలీకి వాషింగ్టన్ రాష్ట్ర చట్టం తనిఖీ నుంచి మినహాయింపునిచ్చింది. అన్ని రాష్ట్రాలూ ఇలా రాసుకోలేదు, రాసుకోవాలి.

ఇలా దాచడానికి తీసుకునేవాళ్లు ముందు మ్యాగజైన్ తీయాలి. అక్కడితో ఆపకూడదు. స్లయిడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌లో తూటా మిగిలిందేమో కళ్లతో చూడాలి, వేలితో తడిమి చూడాలి. మ్యాగజైన్ తీశాం కదా అన్న ధీమాతో, లోపల మిగిలిన ఆ ఒక్క తూటాకు బలైనవాళ్లు ఎందరో. తర్వాత కేబుల్ తాళం వేసి, తూటాలను వేరే చోట పెట్టాలి. తాళం చెవి ఆ మనిషికి అందకూడదు. తాత్కాలిక వీసా మీద ఉన్న స్నేహితుడు ఇందులో తాను చేయి పెట్టకూడదు. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్నవాళ్లను, షాపును, పోలీసులను పిలవాలి. తీసుకున్నది ఎప్పుడు తిరిగివ్వాలో తొందరపడి మాటివ్వొద్దు.

ఇంట్లో తుపాకీ ఉన్న అన్నో, మామయ్యో, స్నేహితుడో ఈమధ్య మాట తగ్గించి, తలుపు వేసుకుని కూర్చుంటున్నట్టు కనిపిస్తే ‘కొన్నాళ్లు అది నా దగ్గర ఉండనీ’ అని ముందుగా మీరే అడగండి. అమెరికాలో ఆత్మహత్యల నివారణ నంబరు 988కి ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా 24 గంటలూ ఎవరో ఒకరు పలుకుతారు. భారతదేశంలో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.