గాలికొదిలేసిన గాలి

నక్షత్రం మిణుకుమంటే మనకు ముచ్చట, దాన్ని పరిశీలించేవాళ్లకు తలనొప్పి. ఏళ్ల తరబడి శూన్యంలో చెక్కుచెదరకుండా వచ్చిన వెలుగు, తీరా భూమి దగ్గరికొచ్చేసరికి గాలిలో పడి చెదిరిపోతుంది. వేడి పొరలూ చల్లటి పొరలూ కలగాపులగంగా కదులుతుంటే టెలిస్కోపులో బొమ్మ అలుక్కుపోతుంది. గాలి తెచ్చే వంకరను కొలిచి, అద్దాన్ని అందుకు ఎదురు వంచితే సరిపోతుందని అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హొరేస్ బాబ్‌కాక్ 1953లోనే ప్రతిపాదించాడు. అది ఆచరణలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

చిలీలోని పరనాల్ కొండమీద వెరీ లార్జ్ టెలిస్కోపుకు ఇప్పుడు అలాంటి అద్దం ఉంది. వెడల్పు 1.1 మీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. దాని వెనకున్న 1,170 యాక్చుయేటర్లు సెకనుకు వెయ్యిసార్ల దాకా ఆ పలుచటి గాజును అటూ ఇటూ వంచుతుంటాయి. కొలతకు పనికొచ్చే నక్షత్రం దగ్గర్లో లేకపోతే, 90 కిలోమీటర్ల ఎత్తున ఉండే సోడియం పొర మీద లేజరు వేసి దొంగ నక్షత్రాన్ని వెలిగించుకుంటారు. మన పాలపుంత నడిబొడ్డున ఉన్న కృష్ణబిలాన్ని పసిగట్టి 2020లో నోబెల్ అందుకున్న ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్‌లకు అక్కరకొచ్చింది ఈ పద్ధతే.

ఇందులో నన్ను ఆకట్టుకునేది ఖగోళ శాస్త్రవేత్తల అపనమ్మకం. కొలిచేదాకా గాలిని నమ్మరు. అందులో పదో వంతు అపనమ్మకం ఆపరేషన్ థియేటర్లలో ఉంటే ఎంత బాగుండేది!

సియాటిల్ చిల్డ్రన్స్ అమెరికాలో పేరున్న పిల్లల ఆసుపత్రి. 2019 మే నెలలో థియేటర్ల గాలిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బయటపడితే మూసేసి, శుభ్రం చేసి, జూలైలో తెరిచారు. నవంబరుకల్లా మళ్లీ కనిపించింది. పాత రికార్డులు తిరగేస్తే 2001 నుంచి 14 మంది రోగులకు ఆపరేషన్ తర్వాత ఈ బూజు సోకిందనీ, వారిలో ఆరుగురు చనిపోయారనీ తేలింది. మరుసటి ఏడాది ఏడో ప్రాణం పోయింది. థియేటర్లకు గాలి పంపే యంత్రాలే కారణం కావచ్చని ఆసుపత్రి ఒప్పుకుంది. అక్కడ డబ్బుకు కొదవ లేదు, డాక్టర్లకు కొదవ లేదు. అయినా ఏళ్ల తరబడి ఏ కేసుకా కేసు విడిగానే చూశారు.

ఏసీలో బూజు పుట్టడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. చల్లటి కాయిల్ మీద తేమ చేరి, బొట్లుబొట్లుగా కింది ట్రేలో పడుతుంది. డ్రెయిన్ పైపు పూడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. ఫిల్టరును తప్పించుకున్న దుమ్ము వాటిలో కలుస్తుంది. చీకటి, తేమ, దుమ్ము ఉన్నాక బూజుకు ఇంకేం కావాలి? సర్వీసింగ్ చేయించని స్ప్లిట్ ఏసీ రెక్క పైకెత్తి టార్చి కొట్టి చూడండి, బ్లోయర్ పళ్లకు నల్లగా పేరుకుపోయి కనిపిస్తుంది. ఆస్పర్‌జిల్లస్ బీజం సైజు రెండు మూడు మైక్రాన్లు. అలాంటివి మనం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఆరోగ్యవంతుల ఒళ్లు వాటిని వదిలించుకుంటుంది. కీమో తీసుకుంటున్న పిల్లాడికీ, మూలుగ మార్పిడి చేయించుకున్న వాళ్లకూ, బల్ల మీద ఛాతీ తెరిచి ఉన్న గుండె రోగికీ ఆ వెసులుబాటు లేదు.

విరుగుడు అందరికీ తెలిసిందే. 0.3 మైక్రాన్ల కణాలను సైతం 99.97 శాతం ఆపే హెపా ఫిల్టరు, గంటకు 20 సార్లు గాలి మార్పిడి, వరండా గాలి లోపలికి చొరబడకుండా గదిలో కాస్త ఎక్కువ ఒత్తిడి. ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే మన ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాలూ ఇలాగే చెబుతాయి. థియేటర్లలో విండో, స్ప్లిట్ ఏసీలు వద్దే వద్దంటాయి. అవి ఉన్న గాలినే తిప్పుతాయి, సూక్ష్మజీవులు దాక్కోవడానికి వాటిలో సందులెక్కువ. అయినా జిల్లా కేంద్రాల నర్సింగ్ హోముల్లో గోడకు స్ప్లిట్ ఏసీ ఉన్న థియేటర్లు అరుదేమీ కాదు. వారానికోసారి ఫార్మాలిన్ పొగ పెట్టి తలుపులు బిగిస్తే పని అయిపోయినట్టే లెక్క. ఆ పొగ డ్రెయిన్ ట్రేలో నీళ్లను తోడదు.

చిన్న ఆసుపత్రులు ఇంత ఖర్చు ఎక్కడ భరిస్తాయంటారు. నిజమే, డక్టులు, హెపా ఫిల్టర్లు, వాటి కరెంటు బిల్లు తేలికేమీ కాదు. కొలవడానికి మాత్రం అంత ఖర్చు లేదు. లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా చూపే చిన్న గేజి తలుపు పక్కన బిగించవచ్చు. గాలిలో కణాలను లెక్కగట్టి రిపోర్టు ఇచ్చే ఏజెన్సీలున్నాయి. ఫిల్టరు మార్చిన తేదీ రాయడానికి పెన్ను చాలు.

తలుచుకుంటే లెక్క రాయడం మనకూ వచ్చు. 2021లో బ్లాక్ ఫంగస్ చెలరేగినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆ జబ్బును నోటిఫై చేసింది. దానికి ప్రధాన కారణాలు షుగరూ స్టెరాయిడ్లే అయినా, ప్రతి కేసూ ఆరోగ్య శాఖకు చెప్పి తీరాల్సి వచ్చింది. ఆపరేషన్ తర్వాత సోకే ఫంగస్‌కూ అదే నిబంధన పెట్టడానికి అడ్డేమిటి? గుంటూరులో ఆపరేషన్ అయి, ఒంగోలులో జ్వరం తిరగబెట్టి, హైదరాబాదులో ఫంగస్ అని తేలిన రోగి కబురు మొదటి థియేటరుకు చేరాలంటే మధ్యలో ఎవరో ఒకరు రాసుకోవాలి కదా.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చిన ప్రతి ఆసుపత్రినీ అధికారులు థియేటర్ గాలి పరీక్ష రిపోర్టు అడగాలి. దాని నకలు థియేటర్ తలుపు మీద అంటించాలి. సర్జన్ హస్తవాసి గురించి నలుగురినీ వాకబు చేసే మనం, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేముందు ఫిల్టరు ఎప్పుడు మార్చారని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అత్యవసరం కాని ఆపరేషనైతే, తేదీ చెప్పేదాకా సంతకం ఆపినా మునిగిపోయేదేమీ లేదు.