ఊరికి ఒక బండి, అడవికి ఇంకో బండి

ఖరగ్‌పూర్‌కు రైలే ఊపిరి. 1,072 మీటర్ల పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫామ్ 2013లో గోరఖ్‌పూర్ దాన్ని మించేదాకా ప్రపంచ రికార్డుగా వెలిగింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వర్క్‌షాప్ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంతూరికి వెళ్లడమంటే పాస్ రాయించుకుని రైలెక్కడమే. కానీ నిమ్‌పురా, మథురాకాటి క్వార్టర్లలో ఇప్పుడు ఇంకో లెక్క కూడా వినిపిస్తుంది. చౌరంగి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే బాలాసోర్, కటక్, భువనేశ్వర్, బరంపురం, ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం దాకా సుమారు 650 కి.మీ. ఒకే రోడ్డు. సంక్రాంతికి బైక్ మీద వెళ్తే ఎలా ఉంటుంది?

ఈ ఊరికి బైక్ పిచ్చి కొత్తదేం కాదు. 2001-03 మధ్య ఇక్కడి స్టేషన్‌లో టికెట్లు తనిఖీ చేసిన మహేంద్రసింగ్ ధోనీ ఆ తర్వాత రాంచీ ఇంట్లో మోటార్‌సైకిళ్లకే ఒక భవనం కట్టించుకున్నారు. మనకు ఆ వెసులుబాటు లేదు. ఉన్నది ఒక జీతం, కట్టాల్సింది మూడేళ్ల ఈఎంఐ, కొనగలిగింది ఒక్కటే బండి. కాబట్టి పోస్టర్ చూసి కాదు, పోయే దారి చూసి కొనాలి.

షోరూముల్లో దూర ప్రయాణాల బండ్లు ప్రధానంగా రెండు రకాలు. అడ్వెంచర్ టూరర్ ఎత్తుగా ఉంటుంది, ముందు చక్రం పెద్దది, గతుకుల్ని మింగే సస్పెన్షన్, నిటారుగా కూర్చునే భంగిమ. స్పోర్ట్ టూరర్ కిందికి ఉంటుంది, రెండు చక్రాలూ 17 అంగుళాలవి, గాలిని చీల్చే ఫెయిరింగ్, కాస్త ముందుకు వంగే భంగిమ. మన దేశంలో సామాన్యుడికి ఈ రెండో రకం రుచి చూపింది 2003లో వచ్చిన 223 సీసీ హీరో హోండా కరిజ్మా. మొదటి రకాన్ని అందుబాటు ధరలోకి తెచ్చింది 2016 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్.

తేడా ఎంతో తెలియాలంటే సుజుకీ బండ్లు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. 2019లో వచ్చిన జిక్సర్ ఎస్‌ఎఫ్ 250, 2022లో వచ్చిన వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్. రెండింటిలోనూ ఉన్నది ఒకటే ఇంజన్: 249 సీసీ, 26.5 పీఎస్. ట్యాంకు కూడా ఒకటే, 12 లీటర్లు. కానీ జిక్సర్ సీటు ఎత్తు 800 మి.మీ. అయితే వీ-స్ట్రామ్‌ది 835. నేలకూ బండి పొట్టకూ మధ్య ఖాళీ జిక్సర్‌లో 165 మి.మీ., వీ-స్ట్రామ్‌లో 205. బరువు 161 కిలోలు, 167 కిలోలు. అంటే మీరు ఎంచుకుంటున్నది ఇంజన్‌ను కాదు, దాని కింద ఉన్న కాళ్లను.

ఇప్పుడు దారి సంగతి చూద్దాం. మీ ప్రయాణాల్లో ఎక్కువ భాగం భువనేశ్వర్, శ్రీకాకుళం, దిఘాల వైపే అయితే తారు రోడ్డు మీద కిందికి ఉండే బండే నిలకడగా పోతుంది, ఎదురుగాలికి అలసట తక్కువ. ఆదివారం వచ్చిందంటే ఝార్‌గ్రామ్ సాలవనాల్లోని ఎర్రమట్టి బాటల్లోకో, ఒడిశాలోని సిమిలిపాల్ చుట్టుపక్కలకో పోయే అలవాటుంటే జిక్సర్ పొట్ట రాళ్లకు తగులుతుంది. అక్కడ పెద్ద చక్రానిదే రాజ్యం. రెండూ కావాలనేవాళ్లకు మధ్యేమార్గం 19 అంగుళాల ముందు చక్రం. వీ-స్ట్రామ్‌ది అదే. 2025 అక్టోబరులో రూ.1.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300ది కూడా అదే. ఆర్‌టీఎక్స్‌ది 36 పీఎస్ ఇంజన్, 180 కిలోల బరువు.

మట్టిదారే లోకమనుకునేవాళ్లకు 21 అంగుళాల ముందు చక్రంతో రెండు బండ్లున్నాయి. 2025 జనవరిలో ప్రకటించిన హీరో ఎక్స్‌పల్స్ 210 దాదాపు 170 కిలోలు, 24.6 పీఎస్. 2023 నవంబరులో రూ.2.69 లక్షలతో మొదలైన హిమాలయన్ 450 ఏకంగా 196 కిలోలు, 40 పీఎస్, 17 లీటర్ల ట్యాంకు. లీటరుకు 25 కి.మీ. వేసుకున్నా నిండు ట్యాంకుతో 425 కి.మీ. పోవచ్చు. హైవే మీద లారీని దాటాల్సి వచ్చినప్పుడు, వెనక భార్య, పక్కన రెండు సంచులు ఉన్నప్పుడు ఆ 40 పీఎస్ విలువ తెలుస్తుంది. అదే బండి ఇసుకలో ఒరిగితే దాన్ని ఒంటరిగా లేపేటప్పుడు 196 కిలోల విలువ కూడా తెలుస్తుంది.

ఇక జేబు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఈ పోలికనే మార్చేసింది. 350 సీసీ లోపు బండ్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది దాటిన వాటి మీద సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40కి పెరిగింది. పన్ను వేయకముందు రూ.2 లక్షలుండే బండి 350 లోపుదైతే పన్ను రూ.36 వేలు, పైదైతే రూ.80 వేలు. తేడా రూ.44 వేలు. రోడ్డు ట్యాక్సు, బీమా దీనికి అదనం. ఆ డబ్బుతో ఇద్దరికీ మంచి హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు, సామాను పెట్టెలు కొన్నా ఇంకా మిగులుతుంది. 450 సీసీ నిజంగా అవసరమా అని మీరు ఒకటికి రెండుసార్లు అడగాల్సింది అందుకే.

అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది, బండి మీద కూర్చుని రెండు పాదాల మునివేళ్లయినా నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి. మనలో సగటు ఎత్తు వాళ్లకు 835 మి.మీ. సీటు తక్కువేం కాదు. రెండోది, వెనక కూర్చునే మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పన్నెండు గంటలు కూర్చోవాల్సింది ఆమె కూడా. మూడోది, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఖరగ్‌పూర్‌లోనో మేదినీపూర్‌లోనో ఉందా, లేక ప్రతి సర్వీసుకూ కోల్‌కతా పోవాలా అని కనుక్కోండి. దారిలో భువనేశ్వర్‌లో, ఊరి దగ్గర శ్రీకాకుళంలో ఉందో లేదో కూడా అడగండి.

రైల్వే ఉద్యోగులకు ఇంకో మాట. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే మళ్లీ రిజిస్టర్ చేయించాలి. బదిలీల మీద తిరిగేవాళ్ల కోసమే కేంద్రం 2021లో బీహెచ్ సిరీస్ తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు దానికి అర్హులు. అయితే దాని అమలు రాష్ట్రాల చేతుల్లో ఉంది కాబట్టి కొనేముందే ఆర్‌టీఓ ఆఫీసులో విచారించుకోండి.

చివరిగా, బండి ఏదైనా ప్రయాణాన్ని రెండు రోజులు చేయండి. భువనేశ్వర్ దాదాపు సగం దారి, రాత్రికి అక్కడ ఆగొచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఏబీఎస్ ఉన్న బండి సాయపడుతుంది కానీ రాత్రి రెండింటికి కునుకు తీస్తున్న లారీ డ్రైవర్‌ను నిద్ర లేపదు. తిరుగు ప్రయాణానికి ఓపిక లేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. పెట్రోలు ఖాళీ చేసి, ఆర్‌సీ నకలు ఇచ్చి బైక్‌ను పార్శిల్‌లో వేసి, మీరు రైలెక్కండి. రైల్వే ఊరి బిడ్డలకు ఆ దారి ఒకరు చెప్పాలా? పండక్కి ఎదురుచూస్తున్న అమ్మ బండి ఎన్ని సీసీలని అడగదు. ఎక్కడిదాకా వచ్చావనే అడుగుతుంది.