యానిమేషన్: చదివి చేరాలా, చేరి నేర్వాలా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారంలో హైదరాబాద్ పాతబస్తీకి చెందిన ఒక కారు మెకానిక్ తన కొడుకును వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. కుర్రవాడు చిన్ననాటి నుంచి బొమ్మలు గీస్తున్నాడు. ఫోన్‌లోనే కదిలే బొమ్మలు కొన్ని తయారుచేశాడు. యానిమేషన్ తప్ప మరేదీ చదవనంటున్నాడు. ఇప్పుడు ఆ ఇంటి ముందు రెండు దారులున్నాయి. ఒకటి, రెండేళ్ల డిప్లొమా ఇస్తామంటున్న ప్రైవేటు శిక్షణ సంస్థ, రుసుము లక్షల్లో. రెండోది, తెలిసినవారి ద్వారా దొరికిన ఒక చిన్న స్టూడియోలో పని. మొదటి ఆరు నెలలు జీతం లేదు. "సాబ్, నేను షెడ్డులో ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. వీడికి మాత్రం కాలేజీ ఎందుకు?" అని ఆయన అడిగారు.

ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయలేం. బిద్రీ పనివారు, మగ్గం వర్క్ చేసే జరీ పనివారు, ఉర్దూ పత్రికల పుటలను చేతిరాతతో నింపిన కాతిబ్‌లు పట్టాలు పుచ్చుకొని పని మొదలుపెట్టలేదు. ఉస్తాద్ పక్కన కూర్చొని, చూసి, చెడగొట్టి, తిట్లు తిని నేర్చుకున్నారు. ఆ విద్య గొప్పదే. కాని దానికి సాక్ష్యంగా చూపడానికి కాగితం లేదు. దేశంలో 20 ఏళ్లు పైబడిన జనాభాలో దాదాపు 7 శాతం మంది పట్టభద్రులో డిప్లొమాదారులో కాగా, ముస్లింలలో ఆ వాటా 4 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. చేతిలో పనితనం ఉండి కాగితం లేని సమాజంగా మనం ఎందుకు మిగిలామో ఆ రెండు అంకెలు చెబుతాయి.

నేను ఆయననే తిరిగి అడిగాను: "ఇప్పుడొచ్చే కార్లకు కంప్యూటర్ పెట్టి చూడాలి కదా, మీరేం చేస్తున్నారు?" ఆయన కాసేపు మౌనం వహించి, స్కానర్ ఉన్న కుర్రవాణ్ణి పిలిపించి అతనికి డబ్బు ఇస్తున్నానన్నారు. షోరూముకు వెళ్తే ఐటీఐ సర్టిఫికెట్ అడుగుతున్నారట. ఇరవై అయిదేళ్ల అనుభవం షెడ్డు గడప దాటి పోలేకపోయింది.

అలాగని బడి అంటే చాలు, అన్నీ అవే వస్తాయన్న భ్రమ కూడా వద్దు. 1956లో డిస్నీ స్టూడియోకు చెందిన యానిమేటర్ క్లెయిర్ వీక్స్ బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగానికి శిక్షణ ఇవ్వడానికి వచ్చారు. ఆ విభాగంలో చేరి, పనిచేస్తూ నేర్చుకున్నవారిలో రసాయనశాస్త్ర పట్టభద్రుడైన రామ్ మోహన్ ఒకరు. భారతీయ యానిమేషన్‌కు పితామహుడని తరువాతి కాలంలో పేరొందింది ఆయనే. ఆయన యానిమేషన్ కళాశాల గడప తొక్కలేదు, నిజమే. కాని ఆయనకు ప్రభుత్వ సంస్థలో జీతం ఉంది, నేర్పడమే పనిగా వచ్చిన గురువు ఉన్నాడు. జీతమూ గురువూ లేని అనుభవాన్ని ఆయన అనుభవంతో పోల్చడం న్యాయం కాదు.

డిస్నీ సంస్థ చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1929 ప్రాంతంలో వాల్ట్ డిస్నీ తన చిత్రకారులను లాస్ ఏంజెలెస్‌లోని షూనార్డ్ కళాపాఠశాలకు సాయంత్రపు తరగతులకు పంపేవారు. రుసుము ఆయనే కట్టేవారు. 1932 నుంచి ఆ పాఠశాల అధ్యాపకుడు డాన్ గ్రాహమ్ స్టూడియోకే వచ్చి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. పగలు పని, సాయంత్రం చదువు, ఖర్చు యజమానిది. బడా, పనా అని తండ్రి ఒంటరిగా తేల్చుకోవలసిన స్థితి అక్కడ లేదు.

మరి మన నగరంలో జీతం లేని ఆ ఆరు నెలల్లో కుర్రవాడు ఏం నేరుస్తాడు? కొత్తగా చేరేవారికి స్టూడియోలు సాధారణంగా ఇచ్చేది రోటోస్కోపింగ్ పని. సినిమాలో ఒక సెకనుకు 24 చిత్రాలు. ఒక్కొక్క చిత్రంలో నటుడి భుజం చుట్టూ, జుట్టు చుట్టూ గీత గీసి నేపథ్యం నుంచి వేరు చేయాలి. ఓపికా శ్రద్ధా కావలసిన పనే. కాని అందులో బొమ్మకు ప్రాణం పోయడం లేదు; బరువు, వేగం, భావం గురించి ఆలోచించే అవకాశం లేదు. పైగా కృత్రిమ మేధ మొదట మింగుతున్నది ఈ గీతల పనినే. బిడ్డను పనిలో పెట్టి నేర్పిస్తున్నామనుకుంటూ, త్వరలో యంత్రం చేయబోయే పనికి అతని పద్దెనిమిదో ఏటిని ధారపోస్తున్నామేమో తల్లిదండ్రులు ఆలోచించాలి.

2013 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో దివాలా పిటిషన్ వేసింది. హైదరాబాద్‌లోనూ దానికి స్టూడియో ఉండేది. అదే నెలలో ఆ సంస్థ పనిచేసిన లైఫ్ ఆఫ్ పై చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. ఆ స్టూడియో ఎక్కువగా తన సొంత సాఫ్ట్‌వేర్‌నే వాడేది. ఒకే స్టూడియో పనిముట్టును మాత్రమే నేర్చినవాడి నైపుణ్యం ఆ స్టూడియో తలుపు మూతపడగానే సగం విలువ కోల్పోతుంది. బొమ్మ గీయడం, కదలికను గమనించడం, కథను దృశ్యాలుగా విడగొట్టడం తెలిసినవాడు మరో పనిముట్టును కొన్ని నెలల్లో పట్టుకుంటాడు.

ఇక ప్రైవేటు డిప్లొమా సంగతి. వడ్డీతో కూడిన విద్యారుణానికి మనస్కరించని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో లక్షల రుసుము అంటే తల్లి నగలు, లేదా అక్క పెళ్లికి దాచిన సొమ్ము. విశ్వవిద్యాలయంతో సంబంధం లేకుండా సంస్థ తన పేరు మీద ఇచ్చుకునే డిప్లొమాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. డిగ్రీ అడిగే ఉద్యోగానికీ అది పనికిరాదు. నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను: అప్పు చేసి అలాంటి డిప్లొమాలో చేర్చడం కన్నా జీతం లేని స్టూడియోయే నయం. రెండూ నష్టమే, కాని ఒకదానిలో నగలైనా మిగులుతాయి.

ఆ తండ్రికి తెలియని మూడో దారి ఒకటి ఉంది. మాసబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌లో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. ఇంటర్మీడియట్ అర్హత; ప్రవేశం ఫాడీ పరీక్ష ద్వారా. బీసీ-ఇ వర్గాలకు 2007 నాటి చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ ఇలాంటి సీట్ల కోసమే. ఇంజినీరింగ్, వైద్య సీట్ల వద్ద ఈ హక్కు కోసం మన పిల్లలు బారులు తీరుతారు. లలిత కళల సీటు ఒకటి ఉందన్న సంగతే పాతబస్తీ జూనియర్ కళాశాలల్లో ఎవరూ చెప్పరు. అబ్బాయి కులధృవీకరణ పత్రం అడిగితే, తీసుకోనేలేదన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఆయన మీద కాదు.

నాలుగేళ్లు ఎందుకు వృథా అన్నవారికి రెండు మాటలు. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ ఒకే రకమైన అర్హతలతో వేర్వేరు పేర్ల మీద ప్రైవేటు సంస్థలకు ఉద్యోగ దరఖాస్తులు పంపి చూశారు. ముస్లిం పేరున్న దరఖాస్తులకు పిలుపులు చాలా తక్కువగా వచ్చాయి. పట్టా ఉన్నా వివక్ష ఉంటుందని దాని అర్థం. పట్టా లేనివాడి సంగతి చెప్పనక్కర్లేదు. చిన్న స్టూడియోల్లో ఉద్యోగాలు పరిచయాల మీద నడుస్తాయి, ఆ పరిచయాలు మన వీధుల్లో తక్కువ. నాలుగేళ్ల తరగతి గది ఇచ్చే సహాధ్యాయులే రేపు "మా స్టూడియోలో ఖాళీ ఉంది, రా" అని ఫోన్ చేసేవారు. రెండోది వీసా. అమెరికా హెచ్-1బీ నిబంధనల్లో డిగ్రీ లేనివారికి ఒక విద్యా సంవత్సరానికి మూడేళ్ల పని అనుభవాన్ని సమానంగా లెక్కిస్తారు. నాలుగేళ్ల డిగ్రీకి పన్నెండేళ్లు! దానికీ అనుభవ పత్రాలు కావాలి, మన చిన్న స్టూడియోలు మొదట ఎగవేసేది వాటినే.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. బాగా బొమ్మలు గీసే పిల్లల్లో వారు తక్కువేమీ కాదు. రాత్రి షిఫ్టు స్టూడియోకు పంపని తల్లిదండ్రులు విశ్వవిద్యాలయానికి పంపుతారు. కాబట్టి వారికి చదువు తప్ప మరో ద్వారం లేదన్నా అతిశయోక్తి కాదు.

సీట్లు కొన్నే; అందరికీ దొరకవు. దొరకనివారిని జీతం లేని పనికి వదిలేయవలసిన అవసరం లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్‌కు రాతపూర్వక ఒప్పందం, నిర్ణీత స్టైపెండ్ ఉండాలి. మైనారిటీ ఆర్థిక సంస్థలు మూడు నెలల కంప్యూటర్ కోర్సులకు బదులు స్టూడియోల చేత ఇలాంటి ఒప్పందాలు చేయించి, స్టైపెండ్‌లో కొంత భరిస్తే, సాయంత్రం చిత్రలేఖన తరగతులకు ఒక గది ఇస్తే, డిస్నీ 1929లో చేసినది మనం ఇప్పటికైనా చేసినట్టవుతుంది. కేంద్రం 2013లో ఆరంభించిన 'సీఖో ఔర్ కమావో' పథకం పేరులోనే నేర్చుకోవడం, సంపాదించడం రెండూ ఉన్నాయి. పేరు బాగుంది, మూడు నెలల్లో యానిమేటర్ తయారుకాడు.

ఎం.ఎఫ్. హుసేన్ సినిమా హోర్డింగులు గీస్తూ ఎదిగాడు కదా అని ఆ మెకానిక్ చివర్లో అన్నారు. ఎదిగాడు, కాని ఆయనతో పాటు హోర్డింగులు గీసిన మిగతావారి పేర్లు మనకు తెలియవు అన్నాను. మీసేవకు వెళ్లి సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడతామని ఆయన లేచారు. అంతసేపూ నోరు విప్పని కుర్రవాడు గుమ్మం దగ్గర ఆగి, ప్రవేశ పరీక్షలో ఫోన్‌లో గీయవచ్చా, పెన్సిల్‌తోనే గీయాలా అని అడిగాడు. పెన్సిల్‌తోనే అన్నాను.