బండి షెడ్డులో... వాయిదా నెత్తిన!

'ఇంజన్ బొమ్మలా ఉంది తమ్ముడూ. సింగిల్ ఓనర్. కూరగాయలు తప్ప మరో లోడు ఎక్కలేదు.'

సెకండ్‌హ్యాండ్ బండి కోసం తిరిగినవాళ్లు ఇలాంటి మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. విశాఖలో కూర్మన్నపాలెంలో అద్దెకుండే ఓ కుర్రాడు ఈ మాట నమ్మి మినీ వ్యాన్ కొన్నాడనుకుందాం. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్ నుంచి గాజువాకకు చేపలు తోలితే ఇల్లు గడుస్తుందని అతని లెక్క. బండి ధర రూ.2.80 లక్షలు. ఇంట్లో దాచుకున్న రూ.80 వేలు చేతిలో పెట్టాడు. మిగతా రూ.2 లక్షలకు డీలరే ఫైనాన్స్ కంపెనీ మనిషికి ఫోన్ చేసి పిలిపించాడు. ఆ టేబుల్ మీదే ఇరవై చోట్ల సంతకాలు అయిపోయాయి. మూడేళ్ల వాయిదాలు, నెలకు రూ.7,556.

మూడో వారంలో కాన్వెంట్ జంక్షన్ దాటాక బండి తెల్లటి పొగ కక్కుతూ ఆగిపోయింది. ఆటోనగర్‌కు లాక్కెళితే మెకానిక్ హెడ్ విప్పి చూసి పెదవి విరిచాడు. ఇంజన్ అంతకుముందే ఓసారి వేడెక్కి పట్టేసిందట. పైపైన అతుకులేసి, రంగు కొట్టి అమ్మేశారట. బాగు చేయాలంటే రూ.70 వేలు.

డీలర్ దగ్గరికెళితే 'చూసుకునే కదా కొన్నావ్' అన్నాడు. ఫైనాన్స్ ఆఫీసులో మర్యాదగానే కూర్చోబెట్టారు. 'బండి సంగతి మాకు సంబంధం లేదండీ. వాయిదా మాత్రం ఐదో తారీఖుకి పడిపోవాలి' అన్నారు.

ఈ కుర్రాడు ఊహలోని మనిషే. కానీ ఇలాంటివాడు మీ వీధిలోనూ ఒకడుండొచ్చు. అలాంటి సమయంలో ఎవరైనా చేసే మొదటి పని ఒకటుంది. 'చెడిపోయిన బండికి డబ్బెందుకు కట్టాలి?' అని వాయిదా ఆపేస్తారు. న్యాయంగానే తోస్తుంది. కానీ గెలవాల్సిన కేసు చేజారడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఒక బండి... రెండు ఒప్పందాలు

ఒకే టేబుల్ మీద, ఒకే పెన్నుతో సంతకాలు చేసినా అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. ఒకటి డీలర్‌తో బండి కొనుగోలు. రెండోది ఫైనాన్స్ కంపెనీతో అప్పు. బండిలో లోపముంటే మొదటి ఒప్పందం దెబ్బతింటుంది. రెండోది చెక్కు చెదరదు. అప్పిచ్చినవాడి దృష్టిలో వాయిదా ఆపినవాడు మోసపోయిన కొనుగోలుదారు కాడు, ఎగవేతదారు. పెనాల్టీలు పడతాయి. సిబిల్ స్కోరు పడిపోతుంది. ఆపైన బండి లాక్కెళ్లే మనుషులు వస్తారు. బండే చేతిలో లేకపోతే లోపం ఉందని ఎక్కడ చూపిస్తారు?

అన్ని దేశాల్లోనూ ఇలాగే లేదు. అమెరికాలో 1970ల నుంచీ ఓ నిబంధన ఉంది. అమ్మినవాడు ఏర్పాటు చేసిన అప్పు అయితే, అమ్మినవాడిపై ఉన్న అభ్యంతరాలను అప్పిచ్చినవాడిపైనా లేవనెత్తవచ్చు. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం కింద కొన్ని రకాల అప్పుల్లో అమ్మినవాడితోపాటు అప్పిచ్చినవాడూ జవాబు చెప్పాలి. మన దగ్గర అంత స్పష్టమైన రక్షణ లేదు. డీలర్, ఫైనాన్స్ కంపెనీ చేతులు కలిపి ఆడిన నాటకమని చూపించగలిగితే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. కానీ అది రుజువు చేసుకోవాల్సిన సంగతి. ముందే మన పక్షాన ఉన్న సంగతి కాదు.

మరి వాయిదా ఒకటి రెండు తప్పిపోతే బండి ఎత్తుకుపోవచ్చా? సుప్రీంకోర్టు ఈ విషయంలో రెండువైపులా మాట్లాడింది. రికవరీ పేరిట కండబలం ప్రయోగించడం కుదరదని 2007లోనూ, మళ్లీ 2011లోనూ గట్టిగానే చెప్పింది. అదే కోర్టు 2020 అక్టోబరులో మరో మాటా చెప్పింది. హైర్ పర్చేజ్ ఒప్పందంలో చివరి వాయిదా కట్టేదాకా బండికి యజమాని ఫైనాన్షియరే. వాయిదాలు తప్పితే ఒప్పందం ప్రకారం బండి వెనక్కి తీసుకోవడం దానంతటదే నేరం కాదు. అంటే ఆ ఇరవై సంతకాల పైన సన్నటి అక్షరాల్లో ఏముందన్నదే కీలకం. ఇక రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బెదిరింపులుంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఖర్చేమీ ఉండదు.

కాబట్టి మన కుర్రాడికి కష్టమైనా వాయిదా కడుతూనే డీలర్ మీద పోరాడడం క్షేమం. కట్టిన ప్రతి వాయిదా రసీదూ రేపు కమిషన్ ముందు నష్టం లెక్కలోకి వస్తుంది. వాయిదా కట్టే శక్తి బొత్తిగా లేకపోతే గడువు అడుగుతూ కంపెనీకి లేఖ రాయాలి. కేసు వేశాక మధ్యంతర ఉత్తర్వు కోరే వీలు కూడా 2019 చట్టంలో ఉంది.

సొంతంగా తోలితే వినియోగదారుడే

డీలర్ తరఫు వకీలు మొదట వేసే ప్రశ్న ఒకటుంది. 'బాడుగకు తిప్పే బండి కదా, వ్యాపారం కోసం కొన్నాడు. ఇతను వినియోగదారుడెలా అవుతాడు?'

దీనికి సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సమాధానం చెప్పింది. ఆటో కొనుక్కుని తానే తోలుకుంటూ పొట్ట పోసుకునేవాడు వినియోగదారుడే. లారీ కొని తానే నడుపుకునేవాడూ అంతే. కొన్న బండిని పూర్తిగా మరొకరి చేతికిచ్చి, వాళ్లచేత తోలించుకుని సంపాదించేవాడికి మాత్రం ఆ రక్షణ దొరకదు. పోర్టు లోడు మీద బతికే లారీ డ్రైవర్లున్న ఊళ్లో ఈ తేడా చిన్నది కాదు. ఒక్క లారీ కొని తానే స్టీరింగ్ పట్టినవాడు ఒకవైపు, నాలుగు లారీలకు నలుగురు డ్రైవర్లను పెట్టినవాడు మరోవైపు. అందుకే ఫిర్యాదులో 'స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్నాను, బండి నేనే నడుపుతాను' అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. డ్రైవింగ్ లైసెన్సు నకలు జత చేయాలి.

'చూసుకునే కొన్నావ్' అన్న డీలర్ మాటలోనూ సగం నిజం ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, కొనేవాడు వస్తువును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనబడి తీరాల్సిన లోపాల గురించి తర్వాత పేచీ పెట్టడం కష్టం. అరిగిన టైర్లు, సొట్టపడిన డోరు అలాంటివి. కానీ హెడ్ విప్పితే తప్ప కనబడని ఇంజన్ దెబ్బ, వెనక్కి తిప్పిన కిలోమీటర్ల మీటరు, దాచిపెట్టిన యాక్సిడెంట్ ఆ కోవలోకి రావు. వస్తువు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. పాత సరుకును కొత్తదని చెప్పి అంటగట్టడమూ అంతే.

ఈ రెండోదానికి గోవా కేసు మంచి ఉదాహరణ. 2011 మోడల్ కొత్త కారని డబ్బు కట్టిన ఓ కొనుగోలుదారుకు డీలర్ 2009లో తయారైన కారు ఇచ్చాడు. అప్పటికే అది 622 కిలోమీటర్లు తిరిగింది. కింది భాగం తుప్పు పట్టింది. జిల్లా ఫోరం మొదలుకొని జాతీయ కమిషన్ దాకా డీలర్‌తోపాటు తయారీ సంస్థ టాటా మోటార్స్‌నూ బాధ్యులను చేశాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తయారీ సంస్థను తప్పించింది. డీలర్ చేసిన మోసం దానికి తెలిసినట్లు రుజువు లేదన్నది. డీలర్ బాధ్యత మాత్రం అలాగే నిలిచింది. పదేళ్లపాటు నలుగుతూ వచ్చిన ఈ కేసు చెప్పేదేమంటే, పెద్ద పేరున్న కంపెనీని పట్టుకుంటే తొందరగా పనవుతుందనుకోవడం పొరపాటు. ఎవరు ఏం చెప్పి అమ్మారో వాళ్లనే పట్టుకోవాలి.

వ్యాపారి కాని మామూలు మనిషి దగ్గర, అంటే పక్కింటాయన దగ్గరో ఆఫీసు స్నేహితుడి దగ్గరో కొంటే వినియోగదారుల కమిషన్ దారి ఇరుకే. అప్పుడు సివిల్ కోర్టే గతి.

హెడ్ విప్పకముందే...

మన కుర్రాడు చేసిన అసలు పొరపాటు ఆటోనగర్‌లో జరిగింది. కంగారులో మెకానిక్‌తో ఇంజన్ విప్పించేశాడు. ఇప్పుడు డీలర్ 'మీ మెకానిక్కే పాడు చేశాడు' అంటే జవాబేది? సేవాలోపం ఉందని రుజువు చేసే భారం ఫిర్యాదు చేసినవారిదేనని సుప్రీంకోర్టు 2021లో మరోసారి చెప్పింది.

బండి ఆగిన చోటే ఫొటోలు, వీడియో తీయాలి. మీటరు రీడింగు కనబడాలి. డీలర్‌కు అదే రోజు వాట్సాప్‌లోనైనా సమాచారమిచ్చి, వచ్చి చూసుకోమనాలి. ఆ తర్వాతే విప్పడం. వీలైతే కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లో విప్పించి, లోపం ఏమిటో, ఎప్పటిదై ఉండొచ్చో లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. తీసేసిన పార్టులు పారేయకూడదు. పరీక్ష చేస్తేగాని తేలని లోపమైతే కమిషనే తగిన ల్యాబొరేటరీకి పంపగలదు.

ఫిర్యాదు బండి కొన్న ఊళ్లోనే వేయాలన్న నియమం ఇప్పుడు లేదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. హైదరాబాద్‌లో కొన్న కారు మీద విశాఖ జిల్లా కమిషన్‌లో కేసు నడుస్తుంది. చెల్లించిన ధర రూ.50 లక్షల దాకా జిల్లా కమిషన్ పరిధే. రూ.5 లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. దారి తెలియకపోతే 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటోంది. ఆచరణలో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! కోర్టు వాయిదాకూ, బండి వాయిదాకూ మన భాషలో ఒకే మాట ఉండడం ఉత్తినే కాదేమో.

పన్నెండు కాదు... ఇరవై ఒకటి

కొనకముందు చూసుకోవాల్సినవి కొన్ని ఈ ఊరికే ప్రత్యేకం. సముద్రపు గాలికి తిరిగిన బండి పైన తళతళలాడుతున్నా కింద చాసిస్ తుప్పు తింటూ ఉంటుంది. ర్యాంపు ఎక్కించి చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో బండ్లను ఎలా నుజ్జు చేసిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో బండ్లు నీట మునిగాయి. నీట మునిగిన బండి రంగు వేసుకుని మరో ఊళ్లో తేలితే గుర్తుపట్టడం కష్టం. సీట్ల కింది పట్టాల తుప్పు, కార్పెట్ అడుగున మట్టి, లైట్ల లోపల చెమ్మ చూడండి. ఒకప్పుడు ఏపీ31 అంటే విశాఖ బండి అని ఇట్టే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ39 సిరీస్ వచ్చాక నంబరు చూసి ఊరు చెప్పలేం. ఎం-పరివాహన్ యాప్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, ఫైనాన్స్ ఉందా లేదా, ఇన్సూరెన్స్ చూసుకోవాలి. డీలర్‌కు రవాణా శాఖ ఇచ్చిన ఆథరైజేషన్ పత్రం ఉందో లేదో అడగాలి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు అది అవసరం. లేదంటే ఇంకో షాపు చూసుకోవడమే.

అప్పు కాగితంలోనూ ఓ మెలిక ఉంది. 'పన్నెండు శాతమే' అన్నారు కదా. రూ.2 లక్షల మీద మూడేళ్లకు ఫ్లాట్‌గా 12 శాతమంటే రూ.72 వేల వడ్డీ. వాయిదా కట్టేకొద్దీ అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే పడుతోంది. తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది సుమారు 21 శాతం! 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చే ఇలాంటి అప్పులకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అసలు వార్షిక రేటు అందులో ఉంటుంది. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో అడిగి తీసుకోవచ్చు. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, ఇంట్లో లెక్కలొచ్చినవాళ్లకు చూపించాకే సంతకం.

ఇంతకీ షెడ్డులో ఉన్న వ్యాన్ సంగతి. 'ఎందుకొచ్చిన గొడవ తమ్ముడూ, నువ్వూ రంగు కొట్టించి ఇంకొకడికి అమ్మేయ్' అని సలహా ఇచ్చేవాళ్లు ఆటోనగర్‌లోనే తగులుతారు. ఆర్సీలో ఫైనాన్స్ ఎంట్రీ ఉన్నంతకాలం కంపెనీ అనుమతి లేకుండా పేరు మారదు. పేరు మార్చకుండా తాళాలిచ్చేసి డబ్బు తీసుకుంటే మరో చిక్కు. బండి ఎవరి చేతిలో ఉండి ఎవరిని గుద్దినా, ఆర్సీలో పేరున్నవాడే యజమానిగా పరిహారం కట్టాలని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంజన్ సంగతి దాచి అమ్మినందుకు ఆ కొనుక్కున్నవాడు వేసే కేసు సరేసరి. అందులో డీలర్ కూర్చున్న కుర్చీలో ఇతనే కూర్చోవాలి.